ఇల్లు, బడి, గుడి: వీటి నుంచి పుస్తకం రాయడం ఎలా?

మా బామ్మ కార్తీక మాసంలో తెల్లవారుజామున అరటి దొప్పలో దీపం పెట్టి కాలవలో వదిలేది. దొప్ప మలుపు తిరిగేదాకా కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని మెట్టు మీదే నిలబడేది. మధ్యలో ఆరిపోతే ఏమీ అనేది కాదు, ఇంకోటి వెలిగించేది. భక్తి గురించి నేను రాసుకున్న పది పేజీలు కొట్టేసి చివరికి ఈ నాలుగు ముక్కలే ఉంచాను.

రిటైరయ్యాక రాద్దామని కూర్చునే మాస్టార్లు చాలామంది "నా జీవితం" అని మొదలుపెట్టి పదో పేజీలో ఆగిపోతారు. అంత పెద్ద ముద్ద ఎవరికీ మింగుడుపడదు. ఒక నోట్‌బుక్ కొనుక్కుని, రాత్రి పడుకోబోయే ముందు పావుగంట, ఆ రోజు కళ్లారా చూసింది ఒక్కటి రాయండి. "అమ్మ ఓపికమంతురాలు" అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. కొబ్బరి దింపు రోజున కూలీలందరికీ వడ్డించాక, మిగిలిన చారన్నం గిన్నెలోనే కలుపుకుని నిలబడి తిందని రాయండి.

తర్వాత పెద్దవాళ్లను కదపాలి. "మీ కథ చెప్పండి" అంటే "ఏముందమ్మా చెప్పడానికి" అనేస్తారు. 1986 గోదావరి వరదలో గేదెల్ని ఎక్కడ కట్టారు? 1996 నవంబరు తుపాను రాత్రి ఎవరింట్లో తలదాచుకున్నారు? ఇలా అడిగితే కాఫీ చల్లారిపోతున్నా ఆపరు. ఫోన్లో రికార్డ్ చేస్తున్నామని ముందే చెప్పండి. వాళ్ల మాట వాళ్లదిగానే ఉంచండి. "ఆయ్" మాత్రం పేజీకి ఒకటి చాలు, సినిమావాళ్లు దాన్ని ఇప్పటికే అరగదీశారు.

బడి సంగతుల దగ్గర జాగ్రత్త పడాలి. గోదావరి అవతలి ఒడ్డు నుంచి పంటు మీద, అంటే రేవు దాటించే బల్లకట్టు మీద వచ్చే పిల్లాడొకడు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని మూడు రోజులు బయట నిలబెట్టాను. పంటు నిండితే గానీ కదలదన్న సంగతి నాలుగో రోజు తెలిసింది. ఆ తప్పు నాది కాబట్టి ధైర్యంగా రాశాను. పిల్లాడి పేరు, ఊరు, తరగతి, నాన్న చేసే పని మాత్రం మార్చేశాను. పిల్లలు మనల్ని నమ్మి చెప్పుకున్నవి అసలు రాయకండి.

అలా మార్చినా ఇబ్బందే అనుకుంటే నవల చేసేయండి. బడిపంతులుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం ఒక ఇంగ్లీషు పాదిరీ కుటుంబం కథను మనసులో పెట్టుకుని, ధవళేశ్వరంలో ఒక బ్రాహ్మణ కుటుంబాన్ని నిలబెట్టారు. 1878లో మొదలైన రాజశేఖర చరిత్రము అలా పుట్టిందే.

ఇక దేవుడి విషయం. కనుమ రోజు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి ప్రభల్ని, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన దేవుడి వాహనాల్ని, చేలలోంచి, కాలవలోంచి మోసుకొస్తారు. "కన్నులపండువగా జరిగింది" అని రాస్తే పేపర్లో వార్తవుతుంది. ప్రభ మోసిన బాబాయి భుజం ఎలా కమిలిందో, రాత్రి పిన్ని దాని మీద కొబ్బరినూనె రాస్తూ ఏం సణిగిందో రాయండి. పూజ చేయబుద్ధి కాని రోజులుంటే అవీ రాయండి. పక్కింట్లో క్రిస్మస్ నక్షత్రం కట్టేవాళ్లుంటే, వాళ్ల ప్రార్థన గురించి ఊహించకుండా వాళ్లనే అడగండి.

ఇంట్లోవాళ్లకు చూపించకుండా మాత్రం అచ్చుకివ్వకండి. మా పెద్దత్తయ్య కాపురంలో గొడవ ఒక కథలో పెట్టాను, పేరు మార్చాను కదా అనే ధైర్యంతో. ఆవిడ ముక్కుపుడక మార్చడం మర్చిపోయాను. రెండు సంక్రాంతులు మా గడప తొక్కలేదు.

అచ్చు సంగతికి అంత టెన్షన్ అక్కర్లేదు. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేయించి పేజీలు కట్టించడం) చేయించుకోండి, పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్‌కు ఆన్‌లైన్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోండి. మన దేశంలో దానికి ఫీజు లేదు. మొదట వంద కాపీలు వేయించుకుంటే మంచం కింద కట్టలు మిగలవు.

ప్రూఫులు ఒకసారి ఇంట్లో పెద్దగా చదివి వినిపించండి. మే నెల ఎండల్లో కాలవలో ఈతలు కొట్టామని నేను మురిపెంగా రాసుకున్నాను. వత్తులు చేసుకుంటూ వింటున్న మా అమ్మ తలెత్తి, "కాలవలు కట్టేసే రోజులు కదే అవి, నీళ్లెక్కడివి? మీరు పడి దొర్లింది చెరువులో" అంది.