కొండబాట దూరానికి కుట్టుదారం

పాడేరు వైపు అడవి కొండల్లో సిగ్నల్ అందదు, మెలికలు తిరిగే కాలిబాట ఎంత దూరమో ఫోన్‌లో తేలదు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు (బాటలు, వాగులు, ఎత్తులు చూపే మ్యాపు) ఉంటే కుట్టుదారం చాలు. నూలుదే తీసుకోండి, నైలాన్ సాగుతుంది. వేళ్లతో కాస్త తడిచేసి, మ్యాపులో బాట వెంట ప్రతి వంపులోనూ ఆనించండి. తడి వల్ల జారదు. తీసి స్కేలు మీద పెడితే 2 సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు. ఇంట్లో ప్రింట్ తీసుకున్న మ్యాపైతే సైజు మారి ఉండొచ్చు, కాబట్టి మ్యాపు కింద కిలోమీటర్లు గుర్తించిన పట్టీతోనే కొలవండి.

ఎక్కుడు కోసం బాట దాటే గోధుమరంగు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి) లెక్కపెట్టాలి. సాధారణంగా గీతకు గీతకు మధ్య 20 మీటర్ల ఎత్తు. అంతకంటే చిన్న బండచరియ ఆ మధ్యలో ఉంటే గీతల్లో కనిపించదు, కాబట్టి వాగుల పక్క బాటలకు ఊళ్లోవాళ్లను తప్పక అడగండి.