పాత కాపీ చెరిపే ముందు: రెండు ఫోల్డర్లను పోల్చడంలో జాగ్రత్తలు

కొత్త డిస్కులోకి అంతా ఎక్కించాక పాతది ఎప్పుడు చెరుపుదామా అని చెయ్యి ఊరుకోదు. లినక్స్‌లో ఫోల్డర్ ఎంత చోటు తీసుకుందో చెప్పే డీయూ కమాండ్‌లో సైజులు చూసి మాత్రం తేల్చుకోవద్దు. డిస్కు చోటును పంచే ముక్క, అంటే బ్లాక్ సైజు వేరైతే అవే ఫైళ్లకు వేరే అంకె వస్తుంది.

ముందు కొత్త డిస్కును అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) మళ్లీ తగిలించండి. లేకపోతే ఇప్పుడే రాసిన ఫైళ్లను సిస్టమ్ ర్యామ్‌లోని క్యాష్ నుంచే చదివి ఇస్తుంది, డిస్కు మీద ఏం పడిందో చూడనట్టే. ఆ ఫోల్డర్లలో రాస్తుండే డేటాబేస్‌ల వంటివి ఆపేయండి.

మామూలు అవసరానికి ఫైళ్లను పోల్చే డిఫ్ కమాండ్ చాలు. ఆర్, క్యూ (తేడా ఉందని మాత్రమే చెప్పేది) ఆప్షన్లు కలిపి ఇవ్వండి. ఆర్ మరిచిపోతే పై వరస ఫైళ్లనే చూసి, లోపలి ఫోల్డర్ల జోలికి పోదు. కమాండ్ ముగిశాక ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 0 అయితే తేడా లేదు, 1 అయితే ఉంది, 2 అంటే ఏదో చదవలేకపోయింది. అవుట్‌పుట్‌ను పేజీలుగా చూసుకోడానికి పైపులో లెస్ కమాండ్‌కి పంపితే చివరికి కనబడే కోడ్ లెస్‌ది. పర్మిషన్లు, ఓనరు, తేదీలు డిఫ్ పట్టించుకోదు. సింబాలిక్ లింకు (వేరే ఫైలు ఎక్కడుందో చూపే గుర్తు) బదులు అసలు ఫైలే కాపీ అయినా తేడా లేదంటుంది. నో-డీరిఫరెన్స్ ఆప్షన్ ఇస్తేనే పట్టుకుంటుంది.

ఇవన్నీ కూడా చూడాలంటే ఫోల్డర్లను కాపీ చేసే, పోల్చే ఆర్‌సింక్ కమాండ్. ఆప్షన్లు: ఎన్ (ఏమీ మార్చకుండా ఏం చేసేదో చెప్పడమే), ఏ (పర్మిషన్లు, ఓనరు, తేదీలు, లింకులతో సహా), ఐ (ప్రతి తేడాకూ ఒక లైను), సీ (ఫైలు లోపలి డేటా పోల్చడం), వాటితో డిలీట్ (కొత్త డిస్కులో అదనంగా ఉన్నవి చెరపడం). అసలు ప్రమాదం ఇక్కడే: ఎన్ జారిపోతే పోల్చడం కాస్తా చెరపడం అవుతుంది. అందుకే ఎన్ ముందు కొట్టి, మిగతావి తర్వాత. అన్నీ చిన్నక్షరాలే; పెద్ద సీ ఇస్తే ఓ, బాక్ ఎక్స్‌టెన్షన్ల ఫైళ్లను చూడకుండానే దాటేస్తుంది. చిన్న సీ లేకపోతే సైజు, మార్చిన సమయం మాత్రమే చూస్తుంది. సోర్స్ పేరు చివర స్లాష్ ఉండాలి, లేదంటే అన్నీ కొత్త ఫైళ్లేనని జాబితా కురిపిస్తుంది. ప్రతి లైను మొదట్లో 11 అక్షరాలుంటాయి: మూడోది సీ అయితే ఫైలు లోపలి డేటానే వేరు, ఐదోది టీ ఒక్కటే ఉంటే సమయం తేడా. ఫ్యాట్ పెన్‌డ్రైవ్ 2 సెకన్ల అంచెల్లోనే సమయం రాస్తుంది కాబట్టి దానికి 1 సెకను తేడాను వదిలేసే మాడిఫై-విండో 1 ఆప్షన్ ఇవ్వండి.

తెలుగు ఫైలు పేర్లకో తిరకాసు. 'కైలాసం'లోని ఐత్వాన్ని మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ రెండు కోడ్లుగా విడగొట్టి దాస్తుంది, లినక్స్‌లో టైప్ చేస్తే మామూలుగా ఒక్కటే. కంటికి ఒకే పేరు, డిఫ్ మాత్రం ఇటు ఒకటి, అటు ఒకటి ఎక్కువున్నాయంటుంది.

డిస్కులు వేర్వేరు మెషీన్లలో ఉంటే షా256సమ్ కమాండ్‌తో ప్రతి ఫైలుకూ దాని డేటా నుంచి లెక్కగట్టిన గుర్తు సంఖ్యల జాబితా తీసి అవతల సరిచూడండి. ఆ జాబితా ఫైలు పోల్చే ఫోల్డర్ బయట ఉండాలి. అవతల అదనంగా చేరిన ఫైళ్లు ఇందులో బయటపడవు. వాటికి ఫైండ్ కమాండ్‌తో రెండు చోట్లా పేర్లు తీసి విడిగా పోల్చుకోవాలి.