స్వీడన్‌కి కొత్తా? ముందు ఫీకాకి వెళ్లండి

స్వీడన్‌లో ఉద్యోగానికి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే, భాష నిదానంగా నేర్చుకోవచ్చు, ముందు ఫీకాకి వెళ్లండి. ఫీకా అంటే కాఫీ, పక్కన ఓ బన్ను, నలుగురితో కబుర్లు. కాఫీకి అక్కడి పాత పేరు 'కఫ్ఫి'ని తిరగేస్తే పుట్టిన మాట. చాలా ఆఫీసుల్లో పొద్దున ఓసారి, మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మరోసారి ఉంటుంది.

పిలిస్తే "పనుంది, మీరు కానివ్వండి" అనకండి. మేనేజర్ చూస్తాడన్న టెన్షన్‌తో నేను రెండు వారాలు సీట్లోంచి కదల్లేదు, తీరా చూస్తే ఆ మేనేజరే కప్పు పట్టుకుని అక్కడ కూర్చుని, నాకు వీళ్లతో కలవడం ఇష్టం లేదేమో అనుకుంటున్నాడట! తాగిన కప్పు మీరే డిష్‌వాషర్‌లో పెట్టాలి, అక్కడ ఆఫీస్ బాయ్ ఉండడు. బయట కేఫ్‌కి వెళ్తే సాధారణంగా ఎవరి బిల్లు వాళ్లదే, "నేనిస్తా, నేనిస్తా" అని కౌంటర్ దగ్గర కుస్తీ పట్టక్కర్లేదు.

ఫిల్టర్ కాఫీ అన్నారని మన డికాక్షన్, చిక్కటి పాలు ఊహించుకోకండి. వచ్చేది నల్ల కాఫీ, కావాలంటే చల్లటి పాలు పోసుకోవాలి. రెండో కప్పుని 'పోతోర్' అంటారు, చాలాచోట్ల ఊరికేనో తక్కువకో ఇస్తారు, అడగండి.

తినడానికి అందరూ చెప్పేది కనేల్‌బుల్లె, అంటే దాల్చినచెక్క బన్ను, దానికి అక్టోబర్ 4న ఓ రోజు కూడా ఉంది. నా ఓటు మాత్రం యాలకుల బన్నుకే. మనం పాయసంలో చిటికెడు వేసే యాలకుల పొడిని వీళ్లు గరుకుగా దంచి దండిగా వేస్తారు, మొదటిసారి కొరికినప్పుడు మా ఇంట్లో పండగ వాసన వచ్చింది. డిసెంబర్ 13న లూసియా పండక్కి కుంకుమపువ్వు బన్ను, చలికాలం చివర్లో బాదం ముద్ద, మీగడ కూరిన సెమ్లా, ఈ రెండూ వదలకండి.

భోజనంలో ఒక జాగ్రత్త. మీట్‌బాల్స్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం కలిసి ఉండొచ్చు, గురువారం పెట్టే బఠాణీ సూప్‌లో కూడా పంది ముక్కలు పడతాయి. తినకపోతే ముందే "వెగెటారిస్క్" (శాకాహారం) అని చెప్పండి. విడిగా తూచి అమ్మే రంగురంగుల మిఠాయిల్లో చాలావాటిలో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉంటుంది, నల్లగా కనిపించేది ఉప్పటి లికరిస్ (అతిమధురంతో చేసే మిఠాయి) కావచ్చు, పిల్లల చేతికిచ్చే ముందు మీరు రుచి చూడండి.

ఇంకోటి, సూపర్ మార్కెట్‌లో పాల డబ్బా పక్కనే అచ్చం అలాగే ఉండే ఫిల్‌మ్యోల్క్ పులిసిన పాలు. నేను కాఫీలో పోసి విరగ్గొట్టుకున్నా. కాస్త నీళ్లు, ఉప్పు కలిపితే మజ్జిగన్నంలోకి మాత్రం బ్రహ్మాండం.