జీఎఫ్‌ఎస్2లో మెటాడేటా నిర్వహణ: తాళం ఎవరి చేతిలో ఉందో చూసుకోవడం

ఒకే డిస్కును మూడు నాలుగు సర్వర్లు ఒకేసారి మౌంట్ చేసుకున్నప్పుడు డిస్కు ఉమ్మడిదే గాని, మెమరీ మాత్రం ఎవరిది వారిదే. ఒక నోడ్ (ఆ సర్వర్లలో ఒకటి) తన మెమరీలో మార్చిన ఐనోడ్‌ను (ఒక ఫైలు వివరాలుండే నమోదును) మరో నోడ్ పాత రూపంలో చదవకుండా చూడటమే క్లస్టర్ ఫైల్ సిస్టమ్ చేసే అసలు పని. 2006లో 2.6.19 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో చేరిన జీఎఫ్‌ఎస్2 ఈ పనిని జీలాక్ అనే తాళాలతో చేస్తుంది. చదివేందుకు ఒక ఐనోడ్ తాళాన్ని ఎన్ని నోడ్లైనా పంచుకోవచ్చు. రాసేందుకు మాత్రం ఒక్క నోడే పట్టుకోవాలి. రాస్తున్న నోడ్ నుంచి ఆ తాళం మరో నోడ్‌కు వెళ్లాలంటే మొదటిది తన జర్నల్‌ను (మార్పుల చిట్టాను) డిస్కుకు ఎక్కించి, మారిన మెటాడేటాను (ఫైళ్ల గురించిన వివరాలను) దాని చోట రాసి, రెండోది రాయబోతుంటే తన క్యాష్‌ను (మెమరీలో ఉంచుకున్న ప్రతిని) కూడా వదులుకోవాలి. కింద చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఈ చేతులు మారడాన్ని తగ్గించేందుకే.

ముందుగా లెక్క వేసుకోవాల్సింది ఐనోడ్ల పరిమాణం. జీఎఫ్‌ఎస్2లో ప్రతి ఐనోడ్ ఒక పూర్తి బ్లాకును, అంటే సాధారణంగా 4096 బైట్లను తీసుకుంటుంది. అందులో శీర్షికకు 232 బైట్లు పోగా మిగిలిన 3864 బైట్లలో పట్టే చిన్న ఫైలు అక్కడే ఇమిడిపోతుంది. ఐనోడ్లు అవసరాన్ని బట్టి పుడతాయి కాబట్టి అవి ముందే అయిపోతాయన్న భయం లేదు. అయితే పది లక్షల ఫైళ్లుంటే ఐనోడ్లకే దాదాపు 4 గిగాబైట్లు కావాలి, వాటిని తాకిన ప్రతి నోడ్ అన్ని తాళాలను మోయాలి.

ఫైల్ సిస్టమ్‌ను సృష్టించేటప్పుడు మౌంట్ చేసే ప్రతి నోడ్‌కూ ఒక జర్నల్ ఉండాలి. ఎంకేఎఫ్‌ఎస్.జీఎఫ్‌ఎస్2 ఆదేశంలో చిన్న జె ఐచ్ఛికంతో సంఖ్య చెప్పకపోతే ఒక్క జర్నలే ఏర్పడుతుంది, రెండో నోడ్ మౌంట్ కాదు. రేపు చేరబోయే నోడ్ల కోసం ఒకటి రెండు ఎక్కువే పెట్టుకోవడం మంచిది, మరచిపోయినా జీఎఫ్‌ఎస్2_జాడ్ ఆదేశంతో మౌంట్ అయి ఉండగానే కలపవచ్చు. రిసోర్స్ గ్రూప్ (డిస్కు చోటును విభజించిన ఒక్కో భాగం) పరిమాణాన్ని మాత్రం తగిన కారణం లేకుండా మార్చవద్దని నా సలహా. ఈ గ్రూపుల్లోనే బ్లాకుకు రెండు బిట్ల చొప్పున ఖాళీ, డేటా, ఐనోడ్, తొలగించిన ఐనోడ్ అన్న నాలుగు స్థితులను తెలిపే బిట్‌మ్యాప్ ఉంటుంది. గ్రూపులు మరీ పెద్దవైతే రెండు నోడ్లు ఒకే గ్రూపు తాళం కోసం పోటీ పడతాయి, మరీ చిన్నవైతే వాటి సంఖ్య పెరిగి ఖాళీ బ్లాకు వెతకడం ఆలస్యమవుతుంది.

అసలు ఫలితం కనిపించేది డైరెక్టరీల అమరికలో. మూడు నోడ్లు కలిసి మెయిల్ పెట్టెలను నడుపుతున్నాయనుకుందాం. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఏ నోడ్ ఖాళీగా ఉంటే అది రాసేలా పెడితే పని సమానంగా పంచినట్టే కనిపిస్తుంది గాని, ఒకే పెట్టెలో కొత్త ఫైలు సృష్టించిన ప్రతిసారీ ఆ డైరెక్టరీ తాళం నోడ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. దానికి బదులు ఒక్కో వాడుకరిని ఒక నోడ్‌కు కేటాయించి, ఆ నోడ్ పడిపోయినప్పుడే మరొకటి అందుకునేలా చేస్తే తాళాలు, క్యాష్ ఒకే చోట నిలుస్తాయి. తాత్కాలిక ఫైళ్లను, లాగ్‌లను కూడా నోడ్ పేరుతో వేరు డైరెక్టరీల్లో ఉంచాలి. నోఏటైమ్ ఐచ్ఛికంతో మౌంట్ చేయడం తప్పనిసరిగా భావించండి. లేకపోతే ఫైలును చదవడం కూడా దాని ఐనోడ్‌లో సమయాన్ని రాసే పనిగా మారవచ్చు. బ్యాకప్‌ను ఒకే నోడ్ నుంచి మొత్తం తిప్పడం మరో పొరపాటు. ఏ డైరెక్టరీలను ఏ నోడ్ వాడుతోందో వాటి బ్యాకప్‌ను ఆ నోడే తీసుకోవాలి.

ఇంత చేసినా నెమ్మదించిందనిపిస్తే ఊహించకుండా తాళాలనే చూడాలి. కెర్నల్ లోపలి స్థితిని చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేస్తే జీఎఫ్‌ఎస్2 డైరెక్టరీ కింద, ఫైల్ సిస్టమ్ పేరుతో ఉన్న చోట, జీలాక్స్ అనే ఫైలు దొరుకుతుంది. అందులో హెచ్ అక్షరంతో మొదలయ్యే వరుసల్లో డబ్ల్యూ గుర్తు ఉన్నవి తాళం కోసం ఎదురుచూస్తున్న ప్రక్రియలు. వాటి పైనున్న జీ వరుసలో ఏటవాలు గీతకు (/) ముందు 2 ఉంటే అది ఐనోడ్, 3 ఉంటే రిసోర్స్ గ్రూప్. గీత తరువాతిది పదహారు ఆధార సంఖ్యలో బ్లాకు చిరునామా. ఐనోడ్ విషయంలో దాన్ని దశాంశ సంఖ్యగా మార్చి, ఫైండ్ ఆదేశంలో ఐనమ్ ఐచ్ఛికంతో ఫైలు పేరు కనుక్కోవచ్చు. కాని రద్దీ ఉండగా ఫైండ్ నడిపితే అదే మరిన్ని తాళాలు అడిగి పరిస్థితిని దిగజార్చుతుంది కాబట్టి, సంఖ్యలు రాసి పెట్టుకుని తీరిక వేళ వెతకండి.

తొలగించిన ఫైలు చోటు వెంటనే తిరిగి రాకపోవడం చూసి కంగారు పడనవసరం లేదు. మరో నోడ్‌లో ఆ ఫైలు ఇంకా తెరిచి ఉంటే, చివరి నోడ్ మూసేదాకా అది తొలగించిన ఐనోడ్ స్థితిలోనే ఉంటుంది. ఖాళీ స్థలం లెక్కను కూడా నోడ్లు విడివిడిగా ఉంచుకుని కొద్ది సేపటికోసారి కలుపుతాయి కాబట్టి, దాన్ని చూపే డీఎఫ్ ఆదేశం అంకెలు రెండు నోడ్లలో కాస్త తేడాగా కనిపించవచ్చు. చోటు పెంచాలంటే ముందు లాజికల్ వాల్యూమ్‌ను పెంచి, ఒకే ఒక్క నోడ్‌లో జీఎఫ్‌ఎస్2_గ్రో నడపాలి. పెంచినదాన్ని తగ్గించే మార్గం లేదు.

ఫెన్సింగ్ (పడిపోయిన నోడ్‌ను బలవంతంగా ఆపడం లేదా డిస్కు నుంచి వేరుచేయడం) పనిచేయకుండా ఈ ఫైల్ సిస్టమ్‌ను నడపవద్దు. పడిపోయిన నోడ్ నిజంగా ఆగిందని తేలాకే మరో నోడ్ దాని జర్నల్‌ను తిరిగి అమలు చేస్తుంది. మెటాడేటాలో పొరపాటు కనిపించి ఏదైనా నోడ్ ఫైల్ సిస్టమ్ నుంచి తప్పుకుంటే, అన్ని నోడ్లలోనూ దాన్ని అన్‌మౌంట్ చేసి, అది జరిగిందని ఒక్కొక్క నోడ్‌లో చూసుకున్న తరువాతే మరమ్మతు చేసే ఎఫ్‌ఎస్‌సీకే.జీఎఫ్‌ఎస్2 ఆదేశాన్ని మొదలుపెట్టాలి, ఒక్క నోడ్‌లో మౌంట్ అయి ఉన్నా మరమ్మతే నాశనంగా మారుతుంది. దానికి ముందు జీఎఫ్‌ఎస్2_ఎడిట్‌లోని సేవ్‌మెటా ఆదేశంతో మెటాడేటా ప్రతిని వేరే డిస్కులో భద్రపరచండి. అందులో వాడుకరుల డేటా ఉండదు గాని ఫైళ్ల పేర్లు ఉంటాయి, కనుక ఇతరులకు పంపే ముందు ఆ పేర్లు బయటపడవచ్చో లేదో చూసుకోండి. ఆ తరువాత ఎఫ్‌ఎస్‌సీకేను మొదట ఎన్ ఐచ్ఛికంతో, ఏమీ మార్చకుండా నడిపి, అది చెప్పిన తప్పులను చదివి, అప్పుడే మరమ్మతుకు అనుమతించండి.