పారిస్ సంగతి తర్వాత, ముందు రెండో ఆర్డర్ రానివ్వండి

పెద్ద రెడ్ కార్పెట్ మీద ఎవరైనా మన డిజైనర్ బట్టలు వేసుకుని కనిపిస్తే చాలు, మర్నాడు నాకు కనీసం ముగ్గురు మెసేజ్ పెడతారు. "అక్కా, మాకు బొటిక్ ఉంది, మగ్గం వర్క్ బాగా చేయిస్తాం, పారిస్‌లో షో చేయాలంటే ఎవర్ని కలవాలి?" ఇప్పుడప్పుడే ఎవర్నీ కలవక్కర్లేదు. షో అనేది చివర్లో పెట్టే ఖర్చు. ముందు బయటి దేశంలో ఒక షాపు మీ బట్టలు కొని, అమ్ముకుని, మళ్లీ పంపమని అడగాలి. నాది చిన్న లేబుల్, గొప్పలు చెప్పుకునేంత ఏం లేదు, కానీ ఆ రెండో ఆర్డర్ దాకా రావడానికి పడ్డ తిప్పలు ఇంకా బాగా గుర్తున్నాయి కాబట్టి రాస్తున్నా.

ముందు ఎన్నేళ్లు పడుతుందో చూసుకోండి. పారిస్ హోట్ కుట్యూర్ వీక్‌లో (కొలతకి తగ్గట్టు చేత్తో కుట్టే ఖరీదైన బట్టల షోల వారం) షో చేసిన మొదటి భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా, అది 2020 జనవరి. లాక్మే ఫ్యాషన్ వీక్‌లో కేరళ చేనేత బట్టతో ఆయన మొదలైంది 2006లో, మధ్యలో 2014లో మిలాన్‌లో ఉన్ని బట్టల డిజైన్‌కిచ్చే ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజ్ వచ్చింది. సబ్యసాచి లేబుల్ 1999లో పెడితే న్యూయార్క్‌లో సొంత షాపు 2022లో తెరిచారు. గౌరవ్ గుప్తా 2023 జనవరిలో పారిస్ కుట్యూర్ వీక్‌కి వెళ్లారు, మర్నెలలోనే గ్రామీ అవార్డులకి కార్డీ బి ఆయన నీలం గౌనులో వచ్చింది, మనకి ఆ నెల రోజులే గుర్తు. దాని ముందు పదిహేనేళ్ల పైచిలుకు పని ఉంది. అసలు దారి వేసినవాళ్లు ఇంకా పాతవాళ్లు, రీతూ బేరీ 1998లోనే పారిస్‌లో షో చేశారు, మనీష్ అరోరా 2007లో అక్కడికి వెళ్లి 2011లో పాకో రబాన్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీకే క్రియేటివ్ డైరెక్టర్ అయ్యారు.

ఇక పనిలోకి దిగుదాం. మీ బట్టలు ఐదు తీసి, లేబుల్ కత్తిరించేసి, ఇంకో పది మంది బట్టల మధ్య వేలాడదీయండి. మీ ఇంట్లోవాళ్లు కాకుండా బయటివాళ్లు వాటిని గుర్తుపడతారా? గుర్తుపట్టకపోతే మిగతాది చదవడం కాసేపు ఆపి దీని మీద కూర్చోండి. రాహుల్ మిశ్రా అంటే పువ్వులూ ఆకులూ బట్ట మీద నుంచి లేచి నిలబడినట్టుండే చేతి ఎంబ్రాయిడరీ, గౌరవ్ గుప్తా అంటే శిల్పంలా మెలికలు తిరిగిన బట్ట, బోడిస్ పేరుతో చేసే రుచికా సచ్‌దేవా అంటే సాదా కట్, మడతలు (2018లో వూల్‌మార్క్ ప్రైజ్ గెలిచారు, పెద్ద హంగు లేకుండానే). మీకు అలాంటిది ఒకటే చాలు, నాలుగు ఉంటే ఇంకా కష్టం.

ఇక్కడే ఇంకో తేల్చుకోవాల్సిన సంగతి ఉంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల పెళ్లిళ్లకి లెహంగాలు పంపడం మంచి వ్యాపారమే, డబ్బు కూడా త్వరగా వస్తుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. కానీ అక్కడి షాపులో జపాన్ లేబుల్ పక్కన, ఇటలీ లేబుల్ పక్కన మీ జాకెట్ (బ్లౌజ్ కాదు, కోటు లాంటిది) వేలాడటం పూర్తిగా వేరే వ్యాపారం. సైజులు వేరు, ధర వేరు, ఫోటోలు వేరు. రెండూ ఒకే ఇన్‌స్టా పేజీలో నడిపితే కొనేవాడికి మీరెవరో అర్థం కాదు.

మన దగ్గర సరుక్కి కొదవ లేదు. పుట్టపాక తేలియా రుమాల్, శ్రీకాళహస్తి కలంకారీ, ఉప్పాడ జాందానీ, ఒక్కోదాని మీద ఒక్కో లేబుల్ బతకొచ్చు. నరసాపురం లేసు సంగతే చూడండి, వందేళ్లకు పైగా విదేశాలకి వెళ్తూనే ఉంది, జీఐ గుర్తింపు (ఊరి పేరుతో ఉన్న సరుక్కి చట్టరక్షణ) 2024లో వచ్చింది, అల్లిన ఆడవాళ్ల పేరు మాత్రం ఏ కాలర్ మీదా ఉండదు. 2023 మార్చిలో డియోర్ ముంబై గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు షో చేసిందంటే దాని వెనక అక్కడి చాణక్య ఎంబ్రాయిడరీ వాళ్ల చేతులున్నాయి. చేతిపనికి గుర్తింపు ఎప్పుడో వచ్చింది, రానిది లోపల కుట్టే లేబుల్‌కి. 2025లో ప్రాడా మిలాన్ షోలో కొల్హాపురి చెప్పుల్లాంటివి చూపించి పేరు చెప్పనందుకు మనం అందరం గొడవ చేశాం, సరే, మరి మన లుక్‌బుక్‌లో (కలెక్షన్ ఫోటోల పుస్తకం) మన నేతన్న పేరు, ఊరు పేరు వేస్తున్నామా? వేయండి. అలాగే పోచంపల్లి డిజైన్ ప్రింట్ కొట్టిన బట్టని పోచంపల్లి ఇక్కత్ అని పంపకండి, అది చట్టరీత్యా తప్పు, పైగా నూలుకే రంగులద్ది నేసే ఇక్కత్ రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి అక్కడి కొనుగోలుదారులు బట్ట తిరగేసి చూస్తారు.

ఫిట్ గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మొదటి ఆర్డర్‌లో 24 జాకెట్లు పంపా. బట్ట బాగుంది, కుట్టు బాగుంది, చంక దగ్గర మాత్రం మన బ్లౌజ్ లెక్కలో బిగుతుగా కట్ చేశాం, అక్కడివాళ్లు చెయ్యి ముందుకి చాపితే వీపు మీద పట్టేసింది. సగానికి సగం వెనక్కొచ్చాయి, షిప్పింగ్ కూడా నా నెత్తినే. మన మాస్టర్లు మనిషిని చూసి కొలత తీయడంలో దిట్టలు, కానీ ఎదురుగా మనిషి లేకుండా ఐదు సైజులకి ప్యాట్రన్ గ్రేడ్ చేయడం (ఒక సైజు నుంచి మిగతావి పెంచుతూ తగ్గిస్తూ గీయడం) వేరే విద్య. మంచి ప్యాట్రన్ మేకర్‌కి డబ్బులిచ్చి బేస్ సైజు ఒకటి పక్కాగా చేయించండి, ముందు కోరా గుడ్డలో కుట్టి నిజమైన మనిషికి వేసి కూర్చోబెట్టి, చెయ్యి ఎత్తించి, నడిపించి చూడండి. ఇంకోటి, మనకి లోపల రెండు అంగుళాల మార్జిన్ వదిలితే కస్టమర్ సంతోషిస్తుంది, రేపు లావైతే విప్పుకోవచ్చని. అక్కడ అదే మార్జిన్ చూసి పని పూర్తి కాలేదనుకుంటారు. లోపలి వైపు కూడా బయటి వైపంత శుభ్రంగా ఉండాలి, దారాలు వేలాడకూడదు, ఎంబ్రాయిడరీ వెనక ఒంటికి గుచ్చుకోకుండా లైనింగ్ ఉండాలి.

రంగు కూడా. చేత్తో అద్దిన నూలు ఒక్కో వాయిలో ఒక్కోలా వస్తుంది, మనకది అందం, శాంపిల్ చూసి ఆర్డరిచ్చినవాడికి మోసం. ప్రతి అద్దకం నుంచి ఒక ముక్క కత్తిరించి తారీఖు రాసి దాచండి, తేడా వస్తే పంపేముందే ఫోటో తీసి చెప్పండి. చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

ధర దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఒక జాకెట్‌కి బట్ట, కుట్టుకూలి, వర్క్, వేస్టేజీ, అద్దె, మీ జీతం (అవును, మీ జీతం కూడా) కలిపి 6,000 రూపాయలు అయిందనుకోండి. షాపుకి ఇచ్చే హోల్‌సేల్ ధర 12,000 దగ్గర ఉండాలి. షాపువాడు దాని మీద 2.2 నుంచి 2.8 రెట్లు వేసుకుంటాడు, అంటే అక్కడ అమ్మేది 30,000 దగ్గర. ఇప్పుడు మీరు అదే జాకెట్‌ని ఇన్‌స్టాలో 14,000కి పెట్టారనుకోండి, కస్టమర్ ఫోన్‌లో చూసి షాపులోంచి బయటికి నడుస్తుంది, ఆ షాపు మళ్లీ మీ మెయిల్ తెరవదు. అమ్మకం ధర అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

క్యాలెండర్ తలకిందులుగా ఉంటుంది. వేసవి బట్టలు ముందు ఏడాది సెప్టెంబర్, అక్టోబర్‌లో చూపించి జనవరి నుంచి మార్చి లోపల అందించాలి, చలికాలం బట్టలు ఫిబ్రవరి, మార్చిలో చూపించి జులై నుంచి సెప్టెంబర్ లోపల. డెలివరీ తారీఖు దాటితే ఆర్డర్ రద్దు చేసే హక్కు వాళ్లకి ఉంటుంది, చేస్తారు కూడా. మన కారీగర్లలో (ఎంబ్రాయిడరీ పనివాళ్లలో) చాలామంది బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు, పండక్కి ఊరెళ్తే ఎప్పుడొస్తారో దేవుడికే తెలియాలి, పైగా మాఘమాసం, శ్రావణమాసం పెళ్లిళ్ల సీజన్‌లో అందరికీ చేతినిండా పని. ఆ రోజులు ముందే తీసేసి లెక్కేసుకుని ఆర్డర్ ఒప్పుకోండి.

కాగితాల పని బోరే గానీ ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. విదేశీ వ్యాపారం చూసే డీజీఎఫ్‌టీ సైట్‌లో ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్), ఫీజు 500 రూపాయలు, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల వివరాలు సరిచూసి కన్ఫర్మ్ చేయాలి, మర్చిపోతే అది పనిచేయదు. బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు ఏ బ్యాంకుకి వస్తుందో చెప్పే నంబరు) తీసుకుని కస్టమ్స్‌లో నమోదు. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీపత్రం పెడితే పన్ను కట్టకుండా ఎగుమతి చేయొచ్చు, ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా పెట్టాలి. లేబుల్ పేరుకి 25వ క్లాస్‌లో (బట్టల విభాగం) ట్రేడ్‌మార్క్, ఒంటరి వ్యక్తికి 4,500 రూపాయలు. ఇక్కడ వేసిన దరఖాస్తు ఆధారంగానే మాడ్రిడ్ అనే అంతర్జాతీయ పద్ధతిలో బయటి దేశాలకి కూడా పెట్టుకోవచ్చు, మన దేశం అందులో 2013లో చేరింది. శాంపిల్స్ పట్టుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్లి తిరిగి తెచ్చుకునేటట్టయితే ఫిక్కీ (వ్యాపారుల సంఘం) ఇచ్చే ఏటీఏ కార్నె అనే కస్టమ్స్ కాగితం తీసుకోండి, రెండు వైపులా డ్యూటీ గొడవ ఉండదు. అమెరికాకి పంపే బట్ట మీద ఏ రకం దారం (కాటన్, సిల్క్ లాంటివి) ఎంత శాతమో, తయారైన దేశం, ఉతికే విధానం ఉండాలి. చదరపు గజానికి 2.6 ఔన్సుల కన్నా పల్చటి సిల్క్ అయితే నిప్పు అంటుకునే పరీక్ష కూడా చేయించాలి, మన ఆర్గంజా, షిఫాన్ చాలావరకు అందులోకే వస్తాయి. యూరప్‌లో అజో అనే రసాయన రంగుల్లో కొన్ని రకాలు నిషేధం, అద్దకం మాస్టర్‌ని ముందే అడగండి. నెమలి ఈకలు పెట్టి కుట్టాలన్న ఐడియా ఉంటే వదిలేయండి, మన దేశం నుంచి వాటి ఎగుమతే నిషేధం. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి అమెరికాలో డ్యూటీ లేని రోజులు 2025 ఆగస్టుతో పోయాయి, కస్టమర్‌కి నేరుగా పంపేవాళ్లు ఆ ఖర్చు ఎవరిదో బిల్లులోనే రాయండి.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. అమ్ముడుపోయాక ఇస్తామనే కన్‌సైన్‌మెంట్ పద్ధతికి నేను ఒక షాపుకి ఒప్పుకున్నా, ఎనిమిది నెలలు మెయిల్స్ పెట్టి పెట్టి చివరికి ముడతలుపడ్డ స్టాకే తిరిగొచ్చింది. కొత్త షాపైతే సగం అడ్వాన్స్, సగం సరుకు బయల్దేరేముందు. పెద్ద షాపులు 30 రోజుల గడువు అడుగుతాయి, అప్పుడు ఈసీజీసీ ఇన్సూరెన్స్ (కొన్నవాడు డబ్బివ్వకపోతే నష్టం భరించేది) చూసుకోండి.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న, షో. పారిస్ అధికారిక క్యాలెండర్‌ని అక్కడి ఫ్యాషన్ ఫెడరేషన్ నిర్ణయిస్తుంది, హోట్ కుట్యూర్ అనే మాటకే 1945 నుంచి చట్టరక్షణ ఉంది, బయటివాళ్లని అతిథి సభ్యులుగా వాళ్లే పిలుస్తారు. కాబట్టి "ఫలానా లక్షలు కట్టండి, పారిస్ ఫ్యాషన్ వీక్‌లో మీ షో" అని ఎవరైనా మెసేజ్ పెడితే, ఆ షో పేరు అధికారిక క్యాలెండర్‌లో ఉందో లేదో వెతకండి. ఉండదు. అదే వారంలో ఏదో హోటల్ హాల్ అద్దెకి తీసుకుని ఎవరైనా షో పెట్టుకోవచ్చు, ఫోటోలు బాగానే వస్తాయి, కొనేవాళ్లు మాత్రం రారు. ఆ డబ్బుతో మంచి శాంపిల్ సెట్ కుట్టించి షాపులవాళ్లు కొనడానికొచ్చే ఎగ్జిబిషన్లకి, అంటే పారిస్‌లో ట్రనోయ్‌కో, మగవాళ్ల బట్టలైతే ఫ్లోరెన్స్‌లో పిట్టీ ఉవోమోకో వెళ్లండి, మొదటిసారి స్టాల్ కూడా వద్దు, ఊరికే తిరిగి చూసి రండి. పోటీలకి మాత్రం తప్పకుండా వేయండి. కొత్త డిజైనర్లకి ఫ్రెంచ్ కంపెనీ ఇచ్చే ఎల్‌వీఎంహెచ్ ప్రైజ్‌కి 40 ఏళ్ల లోపు ఉండి రెండు కలెక్షన్లు చేసుంటే చాలు. 2021లో మొదలైన మన కార్తిక్ రీసెర్చ్ అనే లేబుల్ 2023లోనే అందులో సెమీఫైనల్స్ దాకా వెళ్లింది.

సెలబ్రిటీ కోసం స్టయిలిస్ట్ బట్టలు అడిగితే ఇవ్వండి, కానీ తిరిగిచ్చే తారీఖు, పాడైతే ఎవరు భరించాలో, ఫోటోలో మీ పేరు ట్యాగ్ చేస్తారో లేదో ఒక కాగితం మీద రాసుకున్నాకే ఇవ్వండి. 2024 మెట్ గాలాలో ఆలియా భట్ కట్టిన సబ్యసాచి చీర వెనక 163 మంది, 1,965 గంటల పని అని ప్రతి పేపర్లోనూ వచ్చింది, ఎందుకంటే ఎవరో ఆ గంటలు లెక్కపెట్టి రాసి ఉంచారు. మీరూ ఈరోజు నుంచే అడ్డా (మగ్గం వర్క్ చేసే చట్రం) పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి.

చివరిగా మెయిల్ ఎలా పెట్టాలంటే, మీలాంటి బట్టలు అమ్మే షాపులు ఇరవై ఎంచుకుని, కొనుగోళ్లు చూసే మనిషి పేరు కనుక్కుని, నాలుగు లైన్లు, ఆరు ఫోటోలు, ధరలూ సైజులూ డెలివరీ తారీఖులూ ఉన్న లైన్ షీట్ ఒకటి. మన సంస్కృతి వేల ఏళ్లది అని మొదలుపెట్టకండి, జాకెట్ చూపించండి. జవాబు రాకపోతే తిట్టుకోకుండా వచ్చే సీజన్ కొత్త ఫోటోలతో మళ్లీ పెట్టండి. నాకు మూడో సీజన్‌కి గానీ రాలేదు, అది కూడా ఒక్క లైను, "ఇదే జాకెట్ ఇంకాస్త తేలిక బట్టలో దొరుకుతుందా?" అని.