అనుకూలవచనం: సంఘంలోనూ ఇంటిలోనూ మాటను ఎలా వాడాలి

ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మందిరం వాకిట్లో చెప్పులు వెతుక్కుంటూ పది నిమిషాలు మాట్లాడుకుంటాం. పాటలో శ్రుతి తప్పిన పిల్లను ఒకరు అక్కడే మందలిస్తారు. చాలా వారాల తరువాత వచ్చిన వ్యక్తిని "ఏమండీ, దారి తప్పి వచ్చారా?" అని మరొకరు పలకరిస్తారు. ఈ రెండూ దురుద్దేశంతో అన్న మాటలు కావు. అయినా ఆ పిల్ల మరుసటి వారం పాటల బృందంలో నిలబడదు, ఆ మనిషి మళ్లీ నెల దాటినా కనిపించడు. మంచి మనసుతో అన్నంత మాత్రాన మాట మంచిదైపోదు గనుక, మాట్లాడడాన్ని కూడా ప్రార్థనలాగా, వాక్యధ్యానంలాగా సాధన చేసి నేర్చుకోవాలని నా నమ్మకం. ఆ సాధన ఎలా చేయాలో లేఖనాల నుంచి, సంఘ జీవితం నుంచి నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట చేతికి కొలమానం కావాలి. ఎఫెసీ పత్రిక 4:29లో పౌలు దానిని ఇచ్చాడు: "వినువారికి మేలు కలుగునట్లు అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి." అదే వచనంలో మన బైబిలు "దుర్భాష" అని అనువదించిన చోట గ్రీకు మూలంలో ఉన్న మాటకు చెడిపోయినది, కుళ్లినది అని అర్థం. మత్తయి 13:48లో వల నిండిన తరువాత ఏరి అవతల పారవేసిన చెడ్డ చేపలకు వాడినది కూడా ఆ మాటే. కనుక దుర్భాష అంటే బూతు మాట ఒక్కటే కాదు. ఒకప్పుడు మంచిదే అయినా, సమయం మించిపోయాక విన్నవారికి హాని చేసే మాట కూడా ఆ కోవలోకే వస్తుంది. "నేను అన్నది నిజమేగా?" అన్న ప్రశ్న దగ్గర మనం సాధారణంగా ఆగిపోతాం. పౌలు ఇంకో అడుగు ముందుకు వేసి, వినేవారు ఎవరు, ఈ గడియలో వారికి ఏమి అవసరం అని అడగమంటున్నాడు.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో యోహాను సువార్త 11వ అధ్యాయంలో చూడవచ్చు. లాజరు చనిపోయి నాలుగు రోజులైన తరువాత యేసు బేతనియకు వచ్చినప్పుడు, ముందుగా మార్త ఎదురువెళ్లి, ఆయన ఇక్కడ ఉండి ఉంటే తన సహోదరుడు చనిపోయేవాడు కాడని అన్నది. కొంతసేపటికి మరియ వచ్చి ఆయన పాదాల మీద పడి అదే మాట అన్నది. అక్కచెల్లెళ్లిద్దరిదీ ఒకే మాట అయినా వారు పొందిన జవాబులు వేరు. మార్తతో ఆయన పునరుత్థానం గురించి మాట్లాడి, "ఈ మాట నమ్ముచున్నావా?" అని అడిగాడు. మరియ ఏడవడం చూసినప్పుడు బోధించలేదు, కన్నీళ్లు విడిచాడు. మనమైతే మార్తకు పనికివచ్చిన మాటనే మరియకు కూడా అప్పజెప్పేవాళ్లం. ఎవరితోనైనా కష్టమైన సంగతి మాట్లాడబోయే ముందు, నా ఎదుట ఉన్నది మార్తా, మరియా అని ఒక్క క్షణం ఆగి చూడడం మంచి అలవాటు.

మరణం జరిగిన ఇంట్లో ఇది మరీ అవసరం. "దేవుని చిత్తం, ఏడవకూడదు" అన్న మాటలో సత్యం ఉండవచ్చు గాని, శవం ఇంకా వసారాలో ఉండగా తల్లితో అనవలసిన మాట అది కాదు. దుఃఖంలో ఉన్నవానికి పాటలు వినిపించడం చలిదినాన పైబట్ట లాగివేయడం వంటిదని సామెతలు 25:20 చెబుతుంది. పిల్లలను, ఆస్తిని పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చుని ఒక్క మాటైనా పలకలేదు. వారు చేసిన మేలంతా ఆ ఏడు రోజులలోనే ఉంది, నోరు తెరిచిన తరువాతనే చెడగొట్టారు. అటువంటి ఇంటికి వెళ్లినప్పుడు మరణం ఎలా సంభవించిందని అడగకండి, ఎందుకంటే వచ్చిన ప్రతివారికీ వారు ఆ కథను మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. చేయి పట్టుకుని, "మీ దగ్గర కాసేపు కూర్చుంటాను" అని కూర్చోండి. వంట సంగతి చూడండి. చనిపోయినవారి గురించి మీకు తెలిసిన ఒక మంచి సంగతి ఉంటే, వారు వినే స్థితిలో ఉన్నప్పుడు చెప్పండి.

ఎదుటివారు కోపంగా ఉన్నప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్నకు సాధారణంగా సామెతలు 15:1 చూపిస్తారు: "మృదువైన మాట క్రోధమును చల్లార్చును నొప్పించు మాట కోపమును రేపును." ఈ వచనం గోడ మీద క్యాలెండరులో ఉన్నంత మాత్రాన నోటికి రాదు. అది ఎలా పని చేస్తుందో న్యాయాధిపతుల గ్రంథం రెండు సంఘటనలలో విడమరచి చూపిస్తుంది. మిద్యానీయుల మీద యుద్ధానికి తమను ముందుగా పిలవలేదని ఇశ్రాయేలులో ఒక గోత్రమైన ఎఫ్రాయిమీయులు, ఆ యుద్ధం నడిపిన గిద్యోనుతో గట్టిగా కలహించారు. అప్పుడు గిద్యోను, మీరు చేసిన దానితో నేను చేసినది సమానమా, నా వంశమైన అబీయెజెరు ద్రాక్షపండ్ల కోతకంటే, కోత తరువాత ఎఫ్రాయిము ఏరుకునే పరిగె మంచిది కాదా అని అడిగాడు. మిద్యాను అధిపతులైన ఓరేబును, జెయేబును నిజంగా పట్టుకున్నది ఎఫ్రాయిమీయులే కాబట్టి ఇది ముఖస్తుతి కాదు. వారికి రావలసిన గౌరవాన్ని అతడు పేరుపెట్టి వారికి ఇచ్చాడు, వారి కోపం తగ్గింది. కొంతకాలానికి అదే గోత్రం, దాదాపు అదే ఫిర్యాదుతో యెఫ్తా అనే మరో నాయకుని దగ్గరకు వచ్చింది. ఈసారి వారు ఇల్లు కాలుస్తామని కూడా బెదిరించారు, కాబట్టి యెఫ్తా పరిస్థితి మరింత కష్టమైనదే. అతడు చెప్పిన జవాబులో న్యాయం లేకపోలేదు. కాని ఆ జవాబంతా, నేను పిలిచాను, మీరు రాలేదు, నేను ప్రాణానికి తెగించి వెళ్లాను అన్న లెక్కతో నిండి ఉంది. ఆ తగవు యొర్దాను రేవుల దగ్గర ఎఫ్రాయిమీయులను గుర్తుపట్టడానికి "షిబ్బోలెతు" అనమని అడిగి, ఆ మాటను సరిగా పలకలేనివారిని చంపేదాకా పోయింది, 42,000 మంది ఎఫ్రాయిమీయులు కూలారు.

దీని నుంచి నేర్చుకోదగిన పద్ధతి ఒకటుంది. కోపంగా వచ్చినవారి ఫిర్యాదు కింద, నన్ను లెక్కచేయలేదన్న బాధ తరచుగా ఉంటుంది. క్రిస్మస్ కార్యక్రమంలో తమ పేరు చదవలేదని అలిగిన పెద్దాయనకు కార్యక్రమం కాగితం చూపించి సమయం చాలలేదని వివరించడం యెఫ్తా దారి. "ఆ పందిరికి మొదటి గుంజ పాతింది మీరే బాబాయ్, మీ పేరు చదవకపోవడం మా పొరపాటు" అనడం గిద్యోను దారి. వివరణ ఇవ్వవలసి ఉంటే తరువాత ఇవ్వవచ్చు. ఫోనులో జవాబు రాసేటప్పుడు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ ఎదుటివారి ముఖం కనిపించదు. రాత్రి పూట కోపంతో రాసిన సందేశాన్ని పంపకుండా ఉంచి, ఉదయం ప్రార్థన తరువాత మళ్లీ చదవండి. నా అనుభవంలో అలా ఉంచిన సందేశాలలో సగానికి పైగా పంపనవసరం లేకుండానే పోయాయి.

దయ అంటే తప్పును చూసీ చూడనట్టు ఊరుకోవడం కాదు. గద్దించవలసిన చోట గద్దించాలి, అయితే దానికి ఒక చోటు ఉంది: మొదట మీరిద్దరే ఉన్నప్పుడు అని మత్తయి 18:15 చెబుతుంది. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుట గద్దించిన మాట వాస్తవమే, కాని అక్కడ తప్పు జరిగినది కూడా అందరి ఎదుటనే, దానివల్ల ఇతరులు కూడా దారి తప్పారు. రహస్యంగా జరిగిన తప్పును బహిరంగంగా గద్దించడానికి ఆ సంఘటనను ఆధారంగా చూపేవారిని నేను చూశాను, అది సరికాదు. గలతీ 6:1లో తప్పిపోయినవానిని సాత్వికమైన మనసుతో మంచి దారికి తేవాలని చెప్పినచోట గ్రీకులో ఉన్న క్రియ, జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకుంటున్నారని మత్తయి 4:21లో చెప్పినప్పుడు వాడిన క్రియే. మన కోస్తా తీరంలో వల బాగుచేసేవారిని దగ్గరగా చూడండి. ఇసుకలో కూర్చుని, వలను కాలి వేలికి తగిలించి బిగువుగా పట్టి, చిరుగు ఎక్కడ మొదలైందో వేళ్లతో తడిమి, అక్కడి నుంచి ఒక్కొక్క ముడి వేస్తారు. చిరుగు లేని చోట కత్తి పెట్టరు. గద్దింపు కూడా అలాగే జరిగిన ఆ ఒక్క సంగతి దగ్గరే ఆగాలి. "నువ్వెప్పుడూ ఇంతే", "మీ ఇంటివాళ్లందరి పద్ధతీ ఇంతే" అన్న క్షణాన మనం బాగున్న వలను కోయడం మొదలుపెట్టినట్టే. ముందుగా అడిగి తెలుసుకోవడం మరచిపోకండి, ఎందుకంటే సంగతి వినకముందే జవాబిచ్చేవాడు సిగ్గుపడతాడని సామెతలు 18:13 హెచ్చరిస్తుంది.

తెలుగులో మాట గాయపరచడానికి మాటే అక్కరలేదు, క్రియాపదం చివర చాలు. కారు దిగినవారికి "రండి, కూర్చోండి" అని, మందిరం ఊడ్చే పెద్దమనిషికి "ఒరేయ్, ఇటు రా" అని ఒకే నోరు పలకడం నేను విన్నాను. బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి మంచి స్థలం చూపించి, దరిద్రునితో "నీవక్కడ నిలువుము" అనడాన్ని యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో తప్పుపట్టాడు. "గారు" ఎవరికి తగిలిస్తున్నామో, ఎవరికి తగిలించడం లేదో ఒక వారం పాటు గమనించుకోండి. ఊడ్చే ఆయనను "అన్నయ్యా, రండి" అని పిలవడానికి ఖర్చేమీ లేదు.

ఇక నేను తప్పిన చోటు చెప్పాలి. బుధవారం స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు చదివే బాధ్యత నాది. ఒక సహోదరి తన కొడుకు తాగుడుకు బానిసయ్యాడని నాతో ఒంటరిగా చెప్పుకుని ఏడ్చింది. నేను ఆమెను అడగకుండానే పేరు చెప్పి అందరినీ ప్రార్థించమన్నాను. ప్రార్థన చేశామన్న తృప్తితో ఇంటికి వెళ్లాను. ఆదివారం నాటికి ఆ సంగతి పురుషుల వైపు కూర్చున్నవారికి కూడా తెలిసింది, ఆమె మాత్రం వెనుక గోడ పక్కన కూర్చుని, చివరి ప్రార్థనకు ముందే వెళ్లిపోయింది. కట్టెలు లేకపోతే అగ్ని ఆరిపోయినట్టు కొండెగాడు లేకపోతే జగడం చల్లారుతుందన్న సామెతలు 26:20ని నేను అంతకు ముందు ఎన్నోసార్లు ఇతరుల కోసం చదివాను. కట్టె నా చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది.

అందుచేత ఇతరుల కష్టాన్ని ప్రార్థనకు తెచ్చే ముందు వారి అనుమతి అడగండి, ఎంతవరకు చెప్పమంటారో కూడా అడగండి. చిన్న సంఘంలో పేరు చెప్పకపోయినా "ఆ చివరి వీధి కుటుంబం" అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది. ఎవరైనా మీ దగ్గరకు మరొకరి సంగతి మోసుకువస్తే, "ఈ మాట ఆయనతో మాట్లాడారా?" అని మెత్తగా అడగండి.

మాట జారిన తరువాత దిద్దుకోవడానికి యేసు చూపిన దారి, అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి, వెళ్లి మొదట సమాధానపడడం. "మీరు నొచ్చుకుని ఉంటే క్షమించండి" అనకండి, "నేను చేసినది తప్పు" అని ఆ తప్పును పేరుపెట్టి చెప్పండి. నేను ఆ సహోదరి ఇంటికి వెళ్లి అలాగే చెప్పాను, వచ్చే బుధవారం అందరి ముందూ నిలబడి క్షమాపణ అడుగుతానని కూడా అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వద్దక్కా, మళ్లీ అక్కడ మా వాడి మాట ఎత్తకండి, అదే చాలు" అన్నది. అందరి ముందూ చెబితే నా మనసు తేలికపడేది, ఆమె గాయం మళ్లీ తెరుచుకునేది. ఆ తరువాతి బుధవారం నేను పుస్తకం తెరిచి, చదవమని స్వయంగా అడిగినవారి పేర్లు మాత్రమే చదివాను.