వానలు దిగకముందే ఎన్‌లార్జర్ తల విప్పి చూడండి

మృగశిర కార్తె వచ్చిందంటే విజయవాడ గాలి మారిపోతుంది. రోహిణి ఎండకు ఎండిపోయిన గదిలోకి తేమ దిగుతుంది, తుపాన్ల కాలం దాటేదాకా వదలదు. ఫిల్మ్ ఫోటోలు ప్రింట్ చేసే చీకటి గది, అంటే డార్క్‌రూమ్ ఉన్నవాళ్లు లెన్స్‌ను ఎలాగూ డబ్బాలో దాస్తారు. నెగటివ్‌ను పెద్దది చేసి పేపర్ మీద వేసే మెషీన్ ఎన్‌లార్జర్. దాని తల లోపల ఉండే డిఫ్యూజర్‌నీ (వెలుగును సమంగా పరిచే పాలరంగు పలక), వెలుగును కలిపే తెల్లటి మిక్సింగ్ బాక్స్‌నీ మాత్రం చాలామంది తీసి చూడరు. ప్రింట్ చప్పగా వస్తే పేపర్ పాతదనో, డెవలపర్ రసాయనం అయిపోయిందనో అనుకుంటారు. తప్పు వెలుగు దారిలోనే ఉండొచ్చు. కడగడం, ఆరబెట్టడం, రంగు వేయడం అన్నీ పొడి గాలిలో చేయాల్సిన పనులు కాబట్టి, మే నెలాఖరులోపే ఇది ముగించుకోవాలి.

విప్పేముందు ఒక ప్రింట్ తీసి పెట్టుకోండి. నెగటివ్ లేకుండా, లెన్స్ ద్వారాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచి, గట్టి గ్రేడ్ (నలుపు-తెలుపుల తేడా, అంటే కాంట్రాస్ట్, ఎక్కువగా చూపే) ఫిల్టర్‌తో, పేపర్ లేత బూడిద రంగుకు వచ్చేలా ఎక్స్‌పోజ్ చేయండి. ఏ మూల ఏదో వెనకాల పెన్సిల్‌తో రాసుకోండి. మధ్యలో కాస్త ముదురుగా, నాలుగు మూలలూ సమానంగా లేతగా ఉంటే అందులో లెన్స్ వాటా కూడా ఉంటుంది. ఒక పక్కే లేతగా ఉంటే మాత్రం లాంప్ పక్కకు జరిగిందో, బాక్స్ లోపల ఒక గోడ మాసిందో అయి ఉంటుంది. ఈ ప్రింట్ లేకుండా విప్పితే, బాగుచేశాక నిజంగా బాగుపడిందో లేదో తేలదు.

ప్లగ్ తీసి, లాంప్ పూర్తిగా చల్లారాకే చేయి పెట్టండి. పాత మెషీన్లలో వైర్ల తొడుగు పెళుసుబారి రాలిపోతుంది. తేమగా ఉన్న గదిలో, లోహపు లాంప్‌హౌస్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. వైర్ మార్పించండి, ఎర్తింగ్ సరిగ్గా ఉందో చూపించండి. బాగా పాతకాలపు వాటిలో లాంప్ దగ్గర బూడిదరంగు పీచులాంటి తొడుగు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు. గీకకండి, ఊదకండి, ఆ పని తెలిసినవాళ్లకు వదిలేయండి.

ఇప్పుడు బాక్స్ సంగతి. చాలా కలర్ హెడ్‌లలో (రంగు ఫిల్టర్లు లోపలే ఉండే ఎన్‌లార్జర్ తలల్లో) దాని లోపలి గోడలు థర్మాకోల్‌వే. ఏళ్ల తరబడి వేడి, వెలుతురు తగిలి అది పసుపెక్కుతుంది. హాలోజెన్ వెలుగు నేరుగా తగిలే గోడ మీద గోధుమరంగు మచ్చే పడుతుంది. కంటికి ఇది చిన్న విషయం, పేపర్‌కు కాదు. వెలుగు రంగును బట్టి గ్రేడ్ మారే మల్టీగ్రేడ్ పేపర్‌లో నీలి వెలుగు కాంట్రాస్ట్‌ను పెంచుతుంది, ఆకుపచ్చ వెలుగు తగ్గిస్తుంది. పసుపెక్కిన గోడ నీలాన్ని మింగేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ పెరుగుతుంది, గట్టి గ్రేడ్‌లు అందవు. మీరు పెట్టకుండానే ఒక మెత్తటి ఫిల్టర్ లోపల పెట్టినట్టు.

శుభ్రం చేసేటప్పుడు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. థినర్, అసిటోన్, పెట్రోల్ తగిలితే థర్మాకోల్ కళ్లముందే కరిగిపోతుంది. ఘాటు వాసన వచ్చే రబ్బర్ జిగుళ్లూ అంతే. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి, తడి గుడ్డతో అద్దితే చాలు. ఊడిన గోడను నీళ్లతో కలిసే తెల్ల జిగురుతో అతికించండి. మరకలు పోకపోతే నీళ్లతో కలిపే మ్యాట్ తెలుపు పెయింట్ పలచగా రెండుసార్లు వేయండి. ఐవరీ, క్రీమ్ ఛాయలు వద్దు. స్ప్రే డబ్బాల్లోనూ ద్రావకాలుంటాయి, అవీ వద్దు. పెయింట్ బాగా ఆరాకే లాంప్ వెలిగించాలి, లేకపోతే వేడికి లేచిన ఆవిరి గ్లాసుల మీద పొరలా కడుతుంది. లోపల చల్లార్చే ఫ్యాన్ ఉంటే అది తిరుగుతోందో లేదో ముందే చూడండి. 100 డిగ్రీల దగ్గర థర్మాకోల్ మెత్తబడుతుంది, ఇంకా వేడెక్కితే అంటుకుని విషపు పొగ వదులుతుంది.

డిఫ్యూజర్ పగిలిందా? కొత్తది కొనేటప్పుడు తొందర పడొద్దు. గరుకు గ్లాసు, అంటే బాత్‌రూమ్ కిటికీలకు వేసే రకం, దీనికి పనికిరాదు. అది వెలుగును ఎక్కువగా ముందుకే పంపుతుంది, మధ్యలో ఒక వెలుగు ముద్ద మిగిలిపోతుంది. ఓపల్ గ్లాస్ కావాలి, లేదంటే మిల్కీ అక్రిలిక్. ఈ రెండోది విజయవాడలో సులువుగానే దొరుకుతుంది. షాపుల బోర్డులు చేసేవాళ్ల దగ్గర 3 మిల్లీమీటర్ల ముక్కలు మిగిలిపోయి ఉంటాయి. ముక్కను బల్బుకు కొంచెం దూరంగా పట్టి చూడండి, బల్బు ఆకారం ఏమాత్రం తెలియకూడదు. తెల్ల కాగితం పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి, పసుపు గానీ గులాబీ గానీ తొంగిచూస్తే తీసుకోకండి. నెగటివ్ కంటే అన్ని వైపులా పెద్దదిగా ఉండాలి. నెగటివ్‌కు మరీ దగ్గరగా పెడితే డిఫ్యూజర్ మీది దుమ్ము, గీతలు ప్రింట్‌లోకి వస్తాయి. 35 ఎంఎం ఫిల్మ్‌కు చేసిన బాక్స్‌తో అంతకంటే పెద్దదైన 6×6 సెంటీమీటర్ల నెగటివ్ వేస్తే మూలలకు వెలుగు చాలదు. 6×6 బాక్స్‌తో 35 ఎంఎం వేస్తే ఇబ్బంది లేదు, టైమ్ పెరుగుతుందంతే.

అక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడిస్తే సన్నటి పగుళ్లు పడతాయి, సబ్బునీళ్లు చాలు. ఓపల్ గ్లాస్‌లో పాలరంగు చాలావరకు ఒక పక్కన పలచని పొరగానే ఉంటుంది, ఆ వైపు గట్టిగా రుద్దకండి. లాంప్ దగ్గరుండే హీట్ గ్లాస్ పగిలితే దాని బదులు కిటికీ అద్దం పెట్టే ఆలోచనే వద్దు. అది వేడిని ఆపలేదు, అక్రిలిక్ వంగుతుంది, నెగటివ్ పాడవుతుంది. హాలోజెన్ బల్బును వేళ్లతో తాకకండి. తాకితే స్పిరిట్‌తో తుడిచాకే వెలిగించండి.

కండెన్సర్ మెషీన్‌ను (డిఫ్యూజర్ బదులు పెద్ద లెన్సులతో వెలుగును నెగటివ్ మీదికి కూడగట్టేదాన్ని) డిఫ్యూజర్‌కు మార్చుకునేవాళ్లకు ఒక మాట. మామూలు నలుపు-తెలుపు నెగటివ్‌ల ప్రింట్లు దాదాపు ఒక గ్రేడ్ మెత్తగా వస్తాయి. వెండి రేణువులు వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చే ఈ తేడాను బెల్జియం శాస్త్రవేత్త ఆంద్రే కాలియే 1909లో వివరించారు. కొత్త భాగంలో లోపమని టెన్షన్ పడనక్కర్లేదు. గీతలు, దుమ్ము తక్కువ కనిపించడం దీనికి ప్రతిఫలం, నాకైతే ఆ లాభమే పెద్దది.

వానాకాలమంతా మెషీన్‌కు ప్లాస్టిక్ కవర్ తొడగకండి, తేమ లోపలే చిక్కుకుంటుంది. నూలు గుడ్డ కప్పండి. వారానికోసారి నెగటివ్ లేకుండా పది నిమిషాలు లాంప్ వెలిగించండి. విడిగా ఉన్న కండెన్సర్‌లను తేమ పీల్చే సిలికా జెల్‌తో గట్టి మూత డబ్బాలో ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వంటకు వాడని పెనం మీద సన్నటి సెగన వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. కింది అంతస్తులో డార్క్‌రూమ్ ఉన్నవాళ్లు ఎన్‌లార్జర్ తలను ఊడదీసి పైఅంతస్తుకు మోయడం ఇప్పుడే ఒకసారి చేసి చూడండి. ఏ స్క్రూ తుప్పుపట్టి కదలనంటోందో తెలుస్తుంది. వరదనీళ్లు తాగిన థర్మాకోల్‌ను ఆరబెట్టి వాడకండి, పారేయండి. గ్లాసు భాగాలను మంచినీళ్లతో కడిగి ఆరబెడితే చాలావరకు దక్కుతాయి.

అన్నీ బిగించాక మొదటి ప్రింట్‌ను అదే లెన్స్, అదే ఎత్తు, అదే ఫిల్టర్‌తో మళ్లీ తీసి పాతదాని పక్కన పెట్టండి. గోడలు తెల్లబడితే టైమ్ తగ్గుతుంది, కాంట్రాస్ట్ పెరుగుతుంది. నోట్‌బుక్‌లోని పాత టైమ్‌లూ, గ్రేడ్‌లూ ఇక పనిచేయవు, తేదీ వేసి కొత్తవి రాసుకోండి. పాత డిఫ్యూజర్ ముక్కను మాత్రం కొత్తదానితో కొన్ని ప్రింట్లు సరిగ్గా వచ్చేదాకా పారేయకండి.